మునగాకు ఉడికిన నీళ్లు

మొన్న ఆదివారం పొద్దున మా వంటింట్లో నేను అరిచిన అరుపుకు పక్కింటావిడ తలుపు తీసుకుని బయటికొచ్చి చూసింది. కల్లూరులో ఈ కొత్త ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, దగ్గినా వినిపిస్తుంది. పురిటికి నా దగ్గరికి వచ్చిన మా చెల్లెలు, పాపం, నాకు సాయం చేద్దామని మునగాకు ఉడకబెట్టింది. గిన్నెకు పళ్లెం అడ్డం పెట్టి నీళ్లు సింకులోకి వంచబోతోంది. నేను ఒక్క అంగలో వెళ్లి గిన్నె లాక్కున్నాను. సగం నీళ్లు నా మణికట్టు మీద పడ్డాయి.

"ఏందక్కా! ఆకు నీళ్లకు ఇంత గలాటా ఏమిటికి?" అంది చెల్లెలు, భయపడిపోయి.

మణికట్టు మండుతోంది. గిన్నెలో మిగిలిన పచ్చటి నీళ్లు ఊగుతున్నాయి. నాలుగు రోజుల కిందట డాక్టరమ్మ చెల్లెలితో "రక్తం కొంచెం తక్కువగా ఉంది, ఆకుకూరలు బాగా తినమ్మా" అని చెప్పినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఆ 'కొంచెం' అనే మాటను నేను నమ్మను. ఆ మాట మా ఇంట్లో ఒకసారి విన్నాం.

అప్పుడు నాకు పదకొండేళ్లు. మా ఊరు బనగానపల్లె నుంచి బస్సులో గంట దూరం. బనగానపల్లె అనగానే అందరికీ మామిడిపండ్లు గుర్తొస్తాయి. మా ఊరి వైపు వచ్చేసరికి మామిడిచెట్లు కూడా మొహం చాటేసేవి. నాపరాళ్లూ, వాటి మీద ఎండా, అంతే. వరసగా మూడో ఏడు వాన లేదు. నాయన వేయించిన మూడో బోరులో నీళ్లకు బదులు తెల్లటి దుమ్ము లేచి, చూడటానికి వచ్చినవాళ్లందరి తలల మీదా పడింది. ఎద్దులు సంతకు వెళ్లిపోయాయి. పదిమందిని కూలికి పిలిచిన మనిషి బండలు కోసే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఊళ్లో ఎవరి కంటా పడకుండా తెల్లవారకముందే వెళ్లేవాడు. అందరికీ తెలుసు. అందరూ తెలియనట్టే ఉండేవారు.

ఇంట్లో నాయన, అమ్మ, నేను, మా జేజి. జేజి అంటే నాయనకు తల్లి. ఆ కరువులోనే అమ్మ మళ్లీ నీళ్లోసుకుంది. నా తర్వాత రెండు కాన్పులు నిలవలేదు. అందుకని మూడోసారి ఇంట్లో ఎవరూ సంతోషం పైకి చూపించలేదు. జేజి మాత్రం అమ్మ కంచం మీద కన్నేసి ఉంచేది.

కంచంలో పెట్టడానికి ఏముందని? సంతకు పోతే వంకాయలు ముడతలు పడి, మోయడానికి కూడా బరువుండేవి కావు. అటక మీద కుండలో రెండేళ్ల నాటి గోరుచిక్కుడు ఒరుగులు ఉండేవి, మూత తీస్తే ఎండుగడ్డి వాసన వచ్చేది. జొన్నరొట్టె, కారం, ఉలవల చారు. వీటిలో పచ్చగా కనిపించేది ఒక్కటే, మా పెరట్లోని మునగచెట్టు ఆకు.

ఆ చెట్టు బతకడానికి ఒక లెక్క ఉంది. మా ఇంట్లో నీళ్లు పారబోయడం అనేదే లేదు, ప్రతి చెంబుకూ ఒక దారి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లతో కూరగాయలు కడిగేవారు. ఆ నీళ్లతో అంట్లు తోమేవారు. అంట్లు తోమిన నీళ్లూ, స్నానాల నీళ్లూ మునగచెట్టుకు. మునగాకు ఉడికిన నీళ్లు నా మేకపిల్లకు.

మేకపిల్ల సంగతి చెప్పాలి. నాయన మేకల్ని అమ్మేసినప్పుడు ఒక పోతుపిల్లను కొనేవాడు వద్దన్నాడు, మరీ పీలగా ఉందని. తెల్లటి ఒళ్లు, ఒక చెవి మాత్రం నలుపు. తల్లి లేదు, మేత లేదు. అది చస్తుందని అందరూ అన్నారు, నేను చావనివ్వనన్నాను. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి కిందపడేసి దాన్ని ఎత్తుకునేదాన్ని. దాని మూతికి ఎప్పుడూ మునగాకు వాసన. ఆ రోజుల్లో నాకు నవ్వొచ్చిన సందర్భాలన్నీ దానితోనే.

జేజి వంట ఎలా చేసేదో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. కూరగాయ ఏదైనా సన్నగా, అగ్గిపుల్లల మాదిరి తరిగేది. తరిగాక నీళ్లలో నానేసి మూడుసార్లు కడిగేది, దుమ్ము పోవాలని. మా ఊరి బోరు నీళ్లు ఉప్పు, వాటిలో ఏదీ మెత్తబడదు, అందుకని వంటసోడా ఒక చిటికె వేసేది. మునగాకైతే దూసి, దండిగా నీళ్లుపోసి ఉడికించి, వార్చి, చల్లారాక రెండు చేతుల మధ్య పెట్టి పిండేది. చీర పిండినట్టు పిండేది. చివరి చుక్క దాకా పచ్చటి నీళ్లు మేకపిల్ల సట్టిలోకి కారేవి. చేతిలో నిమ్మకాయంత ఉండ మిగిలేది. దాన్ని తెల్లగడ్డలు, చెనిక్కాయల పొడితో తాలింపు వేసి అమ్మ కంచంలో పెట్టేది.

ఉలవలు ఉడికిన నీళ్లు ఒక్క బొట్టు కిందపడితే ఊరుకోని మనిషి ఆకునీళ్లను మాత్రం కూరలో ఉంచనిచ్చేది కాదు. "ఆకు పసురు శానా వేడి. రెండుతూర్లు కడుపు పోయినాది. ఈతూరి కూడా పోగొట్టుకుంటామా?" అనేది. ఆమె భయం ఆమెది. తన బిడ్డల్లో ఇద్దర్ని ఆమె మట్టికిచ్చింది.

వారానికొకసారి నర్సమ్మ మా ఊరి బడి వరండాలో కూర్చునేది. ఒకసారి అమ్మతో నేను కూడా వెళ్లాను. నర్సమ్మ అమ్మ కంటి కింది రెప్ప లాగి చూసింది. వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్కను కాగితం మీద అద్ది, ఎరుపు రంగులు వరసగా అచ్చేసిన అట్ట పక్కన పెట్టింది. అట్ట మీద ముదురు ఎరుపు నుంచి లేత ఎరుపు దాకా గళ్లున్నాయి. అమ్మ చుక్క చిట్టచివరి గడి దగ్గరికి వెళ్లి ఆగింది.

"రక్తం కొంచెం తక్కువుండాదమ్మా" అంది నర్సమ్మ. "ఈ మాత్రలు తప్పకుండా మింగు."

"మింగితే కక్కొస్తాండాదమ్మా. కడుపులో ఏదీ నిలబడ్ల్యా."

అంతలో ట్యాంకరు హారన్ వినిపించింది. మంచినీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. వచ్చిందంటే ఊరు ఊరంతా బిందెలతో పరుగే. అమ్మ లేచి, కొంగు బిగించుకుని, ఆ కడుపుతోనే పరుగెత్తింది. నేనూ లేవబోతే నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఆగు పాపా. సదువుకుంటాండావు గదా. నేను చెప్పేది బాగా విను. మీ అమ్మకు రక్తం కొంచెం గాదు, శానా తక్కువుండాది. ఇట్లనే ఉంటే కాన్పు కాడ కష్టం. అర్థమైతాందా?"

కష్టం అంటే ఏమిటో నాకు అర్థమైంది. చిన్నపిల్లని, తెలియలేదు అని చెప్పుకుంటే ఇప్పుడు సుఖంగా ఉండేది. కానీ తెలిసింది.

నర్సమ్మ నా బొటనవేలు పట్టుకుని మొదలుపెట్టింది. ఒక్కో మాటకు ఒక్కో వేలు మడిచింది. "కడిగినాక తరగల్ల, తరిగినాక కడగగూడదు. పెద్ద ముక్కలు కొయ్యల్ల. మూత పెట్టి ఉడికియ్యల్ల. సోడా ఎయ్యగూడదు. ఆకు ఉడికిన నీళ్లు పారబోయగూడదు, సత్తువంతా దాంట్లోకే దిగుతాది, ఇంత ఉప్పేసి మీ అమ్మతో తాగియ్యల్ల." అది చిటికెన వేలు. తర్వాత రెండో చెయ్యి పట్టుకుంది. "తింటానే టీ తాగగూడదు. తినేటప్పుడు ఇంత నిమ్మకాయ పిండుకోవల్ల. ఎన్నయినాయి?"

"ఏడు."

"ఇంటికి పోయి మీ జేజికి అప్పజెప్పు. ఒక్కటి గూడా మర్సిపోగూడదు."

దారి పొడవునా మంత్రం మాదిరి వల్లించుకుంటూ వచ్చాను. జేజి పొయ్యి ముందు కూర్చుని ఉంది. మునగాకు అప్పుడే వార్చి సట్టిలో పోసింది. నేను బొటనవేలి నుంచి మొదలుపెట్టి అప్పజెప్పాను. నాలుగో వేలు ముడిచేసరికి మేకపిల్ల వచ్చి సట్టిలో మూతి పెట్టింది. చప్పరిస్తూ తాగుతోంది, తోక గిరగిరా ఆడిస్తోంది. నాకు ఒక్కసారిగా తట్టింది, ఐదో మాట చెబితే రేపటి నుంచి దానికి ఈ సట్టి ఉండదు. ఇంట్లో పిడికెడు తవుడు లేదు, ఊళ్లో గడ్డిపోచ లేదు. వారంలో చస్తుంది.

చిటికెన వేలు ముడవలేదు. రెండో చేతికి వెళ్లిపోయాను.

"ఆరేనా?" అంది జేజి.

"ఆరే."

నన్ను నేను సమర్థించుకోవడానికి అప్పటికప్పుడే ఒక వాదం కూడా దొరికింది. నర్సమ్మ పారబోయొద్దంది. మేమెక్కడ పారబోస్తున్నాం? మేకపిల్లకే కదా పోస్తున్నాం. పదకొండేళ్ల బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూడండి.

జేజి మొదట ఎగిరింది. "నా పెండ్లినాటి నుంచి తరిగినాకనే కడుగుతాండా. నా బిడ్డలు బతకలేదా?" అంది. అని, తనే ఆగిపోయింది. మర్నాటి నుంచి ఆరు మాటలూ పాటించింది. కూరగాయ ముందు కడిగి, ఇంతింత ముక్కలు కోసి, "ఇదేం కూర, పశువుల మేత మాదిరి!" అని గొణుక్కునేది. నిమ్మకాయ కోసం పక్కూరి తోటమాలి ఇంటికి నడిచి వెళ్లేది. సోడా పొట్లం మాత్రం పోపుడబ్బాలో అడుగున దాచుకుంది. నేను ఒకరోజు పట్టేసుకుని "దొంగ జేజి!" అంటే, "గమ్మునుండే, పప్పు రాళ్ల మాదిరి అట్లనే ఉంటాంటే ఏం జేసేది?" అని నా నోట్లో చింతపండు ముద్ద కుక్కింది.

తర్వాత సోడా పూర్తిగా మానేశాక ఉప్పునీళ్లలో నిజంగానే ఏదీ ఉడకలేదు. అప్పుడు జేజి ఒక పని చేసింది. అమ్మ ఆకుకూర వరకూ ట్యాంకరు నీళ్లలో ఉడికించడం మొదలుపెట్టింది. ఇంటికి రెండు బిందెలే ఆ నీళ్లు, అవి తాగడానికి. అందుకని ఆమె తన వాటా తాగడం మానేసి, బోరు ఉప్పునీళ్లు తాగింది. గొంతు గరగరమంటే మంచినీళ్ల బిందె వైపు చూసేది కూడా కాదు. ఆమె మిగిల్చిన ఆ నీళ్లు ఆకుతో ఉడికి, పచ్చబడి, ఆమె చేతులతోనే పిండబడి, నా మేకపిల్ల సట్టిలోకి వెళ్లేవి. నేను పక్కనే కూర్చుని చూసేదాన్ని. ఒక్కరోజు నోరు తెరిస్తే సరిపోయేది.

ఆ రోజుల్లోనే నా బలపాలు పోవడం మొదలైంది. సోమవారం కొత్త పెట్టె తెచ్చుకుంటే గురువారానికి ఖాళీ. బల్ల మీద నా పక్కన కూర్చునే పిల్ల మీద అనుమానం వచ్చి, దాని జడ పట్టి లాగి, టీచరుతో దెబ్బలు తిన్నాను. ఒక మధ్యాహ్నం మంచినీళ్ల కోసం ఇంటికొస్తే అమ్మ వసారాలో గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. కరకరా శబ్దం వస్తోంది. నా బలపం తింటోంది. ఒళ్లో ఇంకో రెండు ముక్కలున్నాయి.

"అమ్మా, అది నాది!" అన్నాను.

అమ్మ ఉలిక్కిపడి కొంగుతో మూతి తుడుచుకుంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. బలపం తెలుపు ఎంతో, పెదాల తెలుపు ఎంతో తెలియలేదు. "తినల్లనిపిస్తాంది పాపా. మట్టివాసనొస్తే సాలు, పాణం గుంజుతాంది. జేజికి సెప్పగాకు" అంది సిగ్గుపడుతూ. నేను చెప్పలేదు. దాచడం అప్పటికి నాకు బాగా అలవాటైంది.

మేకపిల్ల మాత్రం నిగనిగలాడింది. "ఏం మేపుతాండారమ్మా ఈ కరువులో, ఇంత బాగుండాది!" అని వీధిలోవాళ్లు అడిగేవారు. నేను గర్వంగా దాని నల్లచెవి నిమిరేదాన్ని. అమ్మ మెట్టు ఎక్కితే ఆయాసపడేది. రొట్టె తడుతూ తడుతూ ఆగి, పిండి చేతుల్ని అలాగే గాల్లో పెట్టుకుని కళ్లు మూసుకునేది. నేను చూడలేదా? చూశాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. అలా ఎన్ని రేపులు గడిచాయో.

ఏడో నెలలో అమ్మ మళ్లీ నర్సమ్మ దగ్గరికి వెళ్లింది. నేను గుండె చేత్తో పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు బయటపడుతుంది, జేజి తోలు వలుస్తుంది అనుకున్నాను. అమ్మ మామూలుగా బయటికొచ్చి, నా తల మీద చెయ్యి వేసి, "పోదాం రా" అంది. ఏమీ అడగలేదు. బతికిపోయాననుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు కంపరమెత్తుతుంది.

ఎనిమిదో నెల చివర అమ్మ ట్యాంకరు వరసలో బిందెతో సహా పడిపోయింది. నలుగురు మోసుకొచ్చారు. నాయన కర్నూలు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టర్లు కాన్పుకు వారం ముందే వచ్చి చేరమన్నారు, రక్తం ఇచ్చేవాళ్లను ఇద్దర్ని తెచ్చుకోమన్నారు. నాయన ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, దుమ్ము పట్టిన చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదలు.

జేజి లేచి నిలబడింది. "కార్జం తినిపియ్యల్ల. కార్జం తింటే రక్తం పడ్తాది. పిల్లను కోయిద్దాం" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. మర్నాడు మధ్యాహ్నం ముల్లా తాత వచ్చాడు. మా ఊళ్లో ఏ ఇంట్లో వేట కోయాలన్నా ఆయనే రావాలి. ఆయన కలిమా చదివి కోస్తేనే ఊరందరూ తినేది. నన్ను చిన్నప్పటి నుంచి ఎత్తుకున్న మనిషి. చేతిలో కత్తి చూసి నేను మేకపిల్లను కరుచుకుపోయాను. అది ఏమీ తెలియక నా చెవి నాకుతోంది.

"ఇడువు పాపా, మీ అమ్మ కోసరం" అంది జేజి, నా వేళ్లు ఒక్కొక్కటే విప్పుతూ.

"వద్దు జేజీ! దీన్ని కోయొద్దు! ఆకునీళ్లు! ఆకునీళ్లు అమ్మకు తాపమని నర్సమ్మ చెప్పింది! వాటిల్లోనే సత్తువంతా ఉంటాదంట! ఇంగ రోజూ తాపుదాం, దీన్ని కోయొద్దు!"

అలా వచ్చింది ఆ మాట బయటికి. అమ్మ కోసం రాలేదు, మేకపిల్ల కోసం వచ్చింది.

జేజి చేతులు ఆగిపోయాయి. "ఎప్పుడు సెప్పింది?"

"ఆ పొద్దే. ఏడు చెప్పింది. నేను ఆరే చెప్పినా."

ఆమె కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. మెల్లగా కింద కూర్చుని, రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. రోజూ ఆకు పిండీ పిండీ ఆ చేతుల గీతల్లో పచ్చదనం ఇంకిపోయి ఉంది. ముల్లా తాత కత్తి వెనక్కి పెట్టుకుని, "నేను రేపొస్తాలేమ్మా. పిల్ల ఏడుస్తాంది" అన్నాడు.

"వద్దు సాయిబూ. ఇప్పుడే కొయ్యి" అంది జేజి. "అది తాగిందంతా దాంట్లోనే ఉండాది గదా."

ఆ సాయంత్రం ఇల్లంతా కార్జం వేగే వాసన. నేను పెరట్లో మునగచెట్టు కింద ఖాళీ సట్టి పక్కన కూర్చున్నాను. అమ్మ పిలిచింది. వెళ్లాను. పక్కన కంచం ఉంది, అందులో సగం తిని వదిలేసిన ముక్కలు. నన్ను దగ్గరికి లాక్కుంది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి.

"నేను విన్యాలే" అంది. "నాకు ముందే తెలుసు."

నేను తలెత్తాను.

"పోయిన తూరి నర్సమ్మ అడిగినాది, ఆకునీళ్లు తాగుతాండావా అని. నాకు అప్పుడు అర్థమాయ, నువ్వు సెప్పలేదని. ఆ, తాగుతాండానమ్మా అని సెప్పినా."

"ఎందుకమ్మా?"

"లేదంటే నీకు తిట్లు పడ్తాయి గదా. అదొగటి." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఈ ఇంట్లో నవ్వేది నువ్వొక్కదానివే పాపా. ఆ పిల్లనెత్తుకుంటేనే నవ్వుతాండావు. గలాసు నీళ్లకాడ ఏం పోతాదిలే అనుకున్యా."

తిట్టినా తట్టుకునేదాన్ని. ఆ మాటను మాత్రం ఈ రోజుకీ తట్టుకోలేకపోతున్నాను.

ఆ మర్నాటి నుంచి అమ్మ రోజుకు రెండుసార్లు ఆకునీళ్లు తాగింది. జేజి గ్లాసు ఇచ్చి, ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. పంతొమ్మిది రోజులు. నేను గోడ మీద బలపంతో గీతలు పెట్టాను, అందుకే గుర్తుంది. ప్రతి గీతకూ అమ్మ కంటిరెప్ప లాగి చూసేదాన్ని, నర్సమ్మ మాదిరి. ఒకరోజు కొంచెం ఎర్రగా కనిపించినట్టయి, ఎగిరి గంతేసి జేజికి చూపించాను. జేజి చూసి, "ఊ" అంది.

ఇరవయ్యో రోజు, చెప్పిన గడువుకు ముందే నొప్పులొచ్చాయి. నన్ను ముల్లా తాత ఇంట్లో వదిలి ముగ్గురూ కర్నూలు వెళ్లారు. ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగానే ఉంది. అమ్మకు నెత్తురు ఆగలేదు. నాయనది ఎక్కించారు. చాలలేదు, ఇంకొకరిది కావాలన్నారు. మా చిన్నాయన కడప నుంచి బస్సులో వస్తున్నాడు. ఆయన ఆస్పత్రి మెట్లెక్కే వేళకు నాయన కిందికి దిగి వస్తున్నాడట.

జేజి పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని జీపు దిగింది. గోడ మీది నా గీతల ముందు నుంచే లోపలికి వెళ్లింది. ఆ తర్వాత పది రోజులకు వాన పడింది. ఊరంతా వీధుల్లోకి వచ్చి తడిసింది, మా ఇంట్లో మాత్రం ఎవరూ తలుపు తీయలేదు.

జేజి ఆ తర్వాత పదేళ్లు బతికింది. చెల్లెల్ని నేనూ ఆమే పెంచాం. ఆమె ఆకు పిండడం మానేసింది. ఉడికిన నీళ్లు మా ఇద్దరికీ పోసి, తన గ్లాసు తాను ఉప్పు వేసుకోకుండా తాగేది. నన్ను ఒక్క మాట అనలేదు. నేను కూడా ఆమెను క్షమించమని అడగలేదు. ఎలా అడగాలో తెలియలేదు, తెలిసేసరికి ఆమె లేదు.

పెద్దయ్యాక ఒక డాక్టరమ్మను, ఎవరి సంగతో అన్నట్టు, అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అంత తక్కువ రక్తం ఆకునీళ్లతో పెరగదమ్మా, మాత్రలు పడాలి, లేదా సూదులు చేయించాలి, ఆ నీళ్లు తాగినా తాగకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు అంది. నిజమే అయి ఉంటుంది. నేను తలూపి ఇంటికొచ్చాను. కానీ పెద్ద తేడా ఉండదు అందే గానీ, అసలు తేడా ఉండదు అనలేదు. ఆ చిన్న తేడా ఎంతో ఎవరు చెబుతారు? ఒక బస్సు కర్నూలు చేరే వరకు నిలబడగలిగేంత ఉండేదేమో.

చెల్లెలికి ఇవేవీ తెలియవు. దాన్ని కని అమ్మ పోయిందని మాత్రమే తెలుసు. చిన్నప్పుడు బడిలో ఎవరో "అమ్మను మింగినావు" అన్నారని ఏడుస్తూ ఇంటికొస్తే, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఓదార్చానే గానీ, మింగింది నువ్వు కాదే అని చెప్పలేకపోయాను.

మొన్న ఆదివారమే మధ్యాహ్నం, నా మణికట్టుకు ఆయింట్‌మెంట్ రాస్తూ అది మళ్లీ అడిగింది. "సెప్పుక్కా. నీళ్ల కోసరం నువ్వట్ల అరిసే మనిషివి గాదు."

చెప్పాను. నల్లచెవి మేకపిల్ల దగ్గర మొదలుపెట్టి, చిటికెన వేలూ, బలపాలూ, ముల్లా తాతా, కంచంలో మిగిలిన ముక్కలూ, గోడ మీది గీతలూ, అన్నీ. చెబుతున్నంతసేపూ దాని ముఖం చూడలేదు, దాని కడుపు వైపే చూస్తూ చెప్పాను. చెప్పడం అయిపోయాక, లేచి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లిపోయినా దాని తప్పు కాదు.

అది ఆయింట్‌మెంట్ మూత బిగించి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "అమ్మ ఆ నీళ్లు తాగేటప్పుడు మొగం ఎట్ల పెట్టేది అక్కా?"

అమ్మ ఎలా ఉండేదని అది ఎన్నోసార్లు అడిగింది. పెళ్లినాటి ఫోటో ఒక్కటే చూపించేవాళ్లం. ఇలాంటిది ఎప్పుడూ అడగలేదు. నాకు ఆలోచించే పని లేకపోయింది.

"ముక్కు మూసుకునేది. కండ్లు గట్టిగా మూసి ఒకటే గుక్కలో తాగేసి, నాలిక బయటపెట్టేది. జేజి చూస్తాదని మళ్లీ లోపలికి లాక్కునేది."

చెల్లెలు వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలో మిగిలిన నీళ్లు గ్లాసులో పోసుకుని, చిటికెడు ఉప్పు వేసుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడింది. ముక్కు మూసుకుంది. కళ్లు గట్టిగా మూసి, ఒకే గుక్కలో తాగేసి, నాలుక బయటపెట్టింది.

ఆ ముఖం నేను చూసి ఇరవై ఏళ్లు దాటింది.

"అంతా తాగినా" అంది, గ్లాసు నా వైపు వంచి చూపిస్తూ. అడుగున ఇంకో గుక్కెడు ఉంది, పచ్చగా.

"అదీ తాగు" అన్నాను.